సూత్రం కంటే ముందు కథ

పిల్లల్ని ఇంట్లోనే చదివించుకునే తల్లిదండ్రులు ఎక్కువగా తడబడేది సైన్సు దగ్గరే. భాషలు, లెక్కలు ఎలాగో నెట్టుకొస్తారు. భౌతికశాస్త్రం అనేసరికి, మాకే సరిగా రానిది వీళ్లకేం చెబుతామని వెనకాడతారు. అలాంటివాళ్లకు నేను చెప్పేది ఒకటే: సూత్రంతో మొదలుపెట్టకండి. అది మనిషికి ఎలా దొరికిందో ఆ కథతో మొదలుపెట్టండి.

అమెరికాలో జాయ్ హకీమ్ అనే రచయిత్రి చేసింది ఇదే. ఆవిడ బడిలో పాఠాలు చెప్పారు, పత్రికలో పనిచేశారు. పిల్లల కోసం అమెరికా చరిత్ర రాశాక సైన్సు చరిత్రకు పూనుకున్నారు. అరిస్టాటిల్‌తో మొదలై, న్యూటన్ మీదుగా ఐన్‌స్టీన్ దాకా సాగే 'ది స్టోరీ ఆఫ్ సైన్స్' మూడు సంపుటాలు 2004, 2007 మధ్య వచ్చాయి. చిత్తుప్రతిని పిల్లల చేతికే ఇచ్చి, ఎక్కడ విసుగు పుట్టిందో, ఎక్కడ అర్థం కాలేదో గుర్తు పెట్టమనడం ఆవిడ పద్ధతి. బడులతో పాటు హోమ్‌స్కూలింగ్ కుటుంబాలూ ఆ పుస్తకాలను చేరదీశాయి. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్లకు అవి లైబ్రరీల్లోనే దొరకవచ్చు. ఇక్కడున్నవాళ్లకు పుస్తకం దొరక్కపోయినా పద్ధతి అందుబాటులోనే ఉంది.

ప్రాచీన గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ సంగతే తీసుకోండి. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో, ఈజిప్టులోని సయీన్‌లో ఒక రోజు మిట్టమధ్యాహ్నం నీడ పడదని ఆయన విన్నాడు. అదే రోజు ఉత్తరాన ఉన్న అలెగ్జాండ్రియాలో నీడ పడింది. ఆ నీడను బట్టి, సూర్యకిరణాలు నిలువు గీతతో చేసే కోణం వృత్తంలో యాభయ్యో వంతని తేలింది. రెండు ఊళ్ల మధ్య దూరాన్ని యాభైతో హెచ్చించి భూమి చుట్టుకొలత తేల్చాడు.

హైదరాబాదులో మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి అలాంటి రోజు వస్తుంది. ఆ రోజు మీ పిల్లలతో నిటారుగా ఒక కర్ర పాతించండి. ఢిల్లీలో ఉన్న చుట్టాలతో అక్కడి మధ్యాహ్నపు అతి పొట్టి నీడను కొలిపించండి. కోణం సుమారు 11 డిగ్రీలు, దూరం సుమారు 1,250 కిలోమీటర్లు. మిగతా లెక్క పిల్లలనే చెయ్యనివ్వండి. 40,000 కిలోమీటర్లకు దగ్గరగా వచ్చిన ఆ అంకెను వాళ్లు మరిచిపోరు.

పెద్దవాళ్ల పొరపాట్లనూ దాచకండి. బరువైనది త్వరగా పడుతుందని అరిస్టాటిల్ అనుకున్నాడు, లోకం శతాబ్దాల తరబడి నమ్మింది. ముందు మీ పిల్లల అభిప్రాయం అడగండి. తర్వాత ఒక పుస్తకాన్నీ, ఒక కాగితాన్నీ విడివిడిగా వదలమనండి. ఆ పైన పుస్తకం మీదే, దానికంటే చిన్నదైన కాగితం పెట్టి వదలమనండి. రెండూ కలిసి పడినప్పుడు, ఇందాక కాగితాన్ని ఆపింది ఏమిటని వాళ్లే అడుగుతారు. అప్పుడు గాలి సంగతి చెప్పండి. అంతకు ముందు తొందరపడి చెప్పకండి.

అన్నీ తెలిసి ఉండాలన్న బరువు మీరు మోయనక్కర్లేదు. తర్వాత గొప్ప శాస్త్రవేత్త అయిన మైకేల్ ఫారడే లండన్‌లో పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పని నేర్చుకుంటూ, జేన్ మార్సెట్ మామూలు పాఠకుల కోసం రాసిన రసాయనశాస్త్ర పుస్తకం చదివి సైన్సు మీద ఇష్టం పెంచుకున్నాడు. పిల్లలు అడిగినదానికి జవాబు తెలియకపోతే తెలియదనే చెప్పండి, ఆ సాయంత్రమే వాళ్ల పక్కన కూర్చుని వెతకండి. ఇంటి చదువైనా బడి చదువైనా, తల్లిదండ్రులు పిల్లలకు ఇవ్వగలిగిన మంచి సైన్సు పాఠం అదే.