పెద్ద అక్షరాల్లో ఏం రాయాలి?

కొత్తగూడెంలో ఒక బస్తీ అనుకోండి. ఆ బస్తీలో కొత్తగా చదువు నేర్చుకున్న ఆడవాళ్లు ఒక గోడ పత్రిక నడుపుతున్నారు. గోడ పత్రిక అంటే పెద్ద ఖర్చేమీ కాదు. సంఘం గది బయట గోడకు నల్లరంగు వేశారు. వారం వారం దాని మీద సుద్దముక్కతో బస్తీ కబుర్లు రాస్తారు. ఒక్కో వారం ఒక్కొక్కరి వంతు.

ఒక సోమవారం ఒక చిన్నకోడలి వంతు వచ్చింది. ఆమె అక్షరాలు నేర్చి ఇంకా ఏడాది కాలేదు. ఆ రోజే పోస్టాఫీసులో వేలిముద్ర మిషను చెడిపోయింది. పింఛన్ డబ్బులు ఇవ్వడం ఆగింది. గురువారం నుంచి మళ్లీ ఇస్తామని అక్కడి వాళ్లు చెప్పారు. చిన్నకోడలు ఆ సంగతి విన్నది విన్నట్టు రాసింది. ఒక్క తప్పు లేదు. ఒత్తులు, దీర్ఘాలు కూడా సరిగ్గా పడ్డాయి. పైన పెద్ద అక్షరాలతో పేరు పెట్టింది.

పింఛన్ బంద్

అదే సందులో ఒక పెద్దమ్మ ఉంది. పెనిమిటి లేడు. పింఛన్ మీదే బతుకు. ఆమె కూడా ఆ రాత్రిబడిలోనే చదువు నేర్చింది. కానీ చిన్న అక్షరాలు ఆమె కంటికి ఆనవు. బిందె దించి గోడ ముందు నిలబడింది. కూడబలుక్కుని చదివింది. "పిం... ఛన్... బం... ద్."

బిందె ఎత్తుకుని ఇంటికి పోయింది. ఎవరితోనూ ఏమీ అనలేదు. కిరాణా కొట్టులో అప్పు ఉంది. ఇక అది తీర్చేదెట్లా? చేతిలో ఉన్న నాలుగు రూపాయలు నూనెకు, పప్పుకు దాచుకుంది. ఆ వారం బీపీ గోలీలు కొనలేదు. శనివారం పొద్దున నల్లా దగ్గర తల తిరిగి కూలబడింది. నలుగురూ కలిసి దవాఖానకు తీసుకుపోయారు. గోలీలు ఎందుకు మానినవ్ అని డాక్టరమ్మ అడిగితే అప్పుడు సంగతి బయటపడింది. అప్పటికి రెండు రోజులుగా పోస్టాఫీసులో పింఛన్ ఇస్తూనే ఉన్నారు.

చిన్నకోడలు గడగడలాడిపోయింది.

"పెద్దమ్మా, నేను అబద్ధం రాయలేదు గదా! గురువారం ఇస్తరని కింద రాసిన."

"కింద రాసినవ్ బిడ్డా. నేను పైనదే చదివిన."

పెద్దమ్మ ఒక్కతే కాదు, చాలామంది పైనదే చదువుతారు. బస్సు కోసం నిలబడ్డ మనిషి, నెత్తిన బిందె ఉన్న మనిషి, చంకలో పిల్ల ఏడుస్తున్న మనిషి ఎంతసేపు ఆగుతారు? హోటలు దగ్గర వేలాడదీసిన పేపరు చూడండి. అక్కడ నిలబడ్డవాళ్ల కళ్లు పెద్ద అక్షరాల మీద నుంచి పెద్ద అక్షరాల మీదికి దూకుతుంటాయి. అంతే, టీ తాగి వెళ్లిపోతారు.

వార్త పైన పెట్టే ఈ పేరును శీర్షిక అంటారు. శీర్షం అంటే తల. అక్షరానికి తలకట్టు ఎట్లాగో వార్తకు శీర్షిక అట్లాగ. పేపరు మొదటి పేజీలో అన్నిటికన్నా పెద్దగా ఉండేదాన్ని పతాక శీర్షిక అంటారు. పతాక అంటే జెండా. జెండా ఎంత దూరానికైనా కనబడాలి గదా!

పెద్దమ్మ ఇంటికి వచ్చాక సంఘం ఆడవాళ్లు గోడ ముందు కూర్చున్నారు. ఆ వార్తకు ఏం పేరు పెట్టాల్సిందో మళ్లీ ఆలోచించారు.

"పింఛన్ ఆలస్యం" అంది ఒకామె. ఎన్ని రోజులు ఆలస్యమో తెలియదు. "మిషను చెడిపోయి పింఛన్ ఆగింది" అంది ఇంకొకామె. నిజమే, కానీ మళ్లీ ఆగిందనే చెబుతోంది.

పెద్దమ్మ అందుకుంది. "మిషను సంగతి నాకెందుకమ్మా? నేను ఎప్పుడు పోవాలె? అది చెప్పాలె."

అప్పుడు చిన్నకోడలే లేచి రాసింది.

పింఛన్ గురువారం ఇస్తారు

మూడే మాటలు. బంద్ అన్న మాటే లేదు. మిషను సంగతి కిందికి పోయింది. కింద చదివిన వాళ్లకు కారణం తెలుస్తుంది. చదవని వాళ్లకు గురువారం అన్నది తెలుస్తుంది. ఎవరికీ నష్టం లేదు.

శీర్షిక తోచకపోతే ఒక తేలిక ఉపాయం ఉంది. గోడ అవతల వదిన ఉందనుకోండి. ఆమెకు ఆ కబురు ఏమని కేకేస్తారు? "పోస్టాఫీసులో వేలిముద్ర మిషను గురించిన విషయం" అని ఎవరూ కేకెయ్యరు. "వదినా, పింఛన్ గురువారమంట!" అంటారు. ఆ కేకలోంచి 'వదినా' తీసేస్తే మిగిలేది శీర్షికే.

ఇంకో వారం గోడ మీద "నీళ్ల సమస్య" అని ఉంది. దాని ముందు ఎవరూ ఆగలేదు. ఏ బస్తీలో లేదు నీళ్ల సమస్య? తర్వాతి వారం "రెండో సందుకు నాలుగు రోజులుగా నల్లా రాలేదు" అని రాశారు. ఆ సందు వాళ్లు ఆగారు. పక్క సందు వాళ్లూ ఆగారు. మున్సిపాలిటీ మనిషి కూడా ఆగి చదవక తప్పలేదు. ఏ సందో, ఎన్ని రోజులో రాసి ఉంటే తప్పించుకోవడం కష్టం.

వానాకాలంలో ఈ సంగతి ప్రాణాల మీదికి వస్తుంది. కొత్తగూడెం గోదావరి ఒడ్డున లేదు. కానీ ఇక్కడి వాళ్లకు భద్రాచలం, బూర్గంపాడు, దుమ్ముగూడెం, చర్ల వైపు చుట్టాలు ఉంటారు. గోదావరి పెరిగితే ఇక్కడ కూడా నిద్ర పట్టదు. భద్రాచలం దగ్గర నీళ్లు 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక ఇస్తారు. 48 అడుగులకు రెండోది. 53 అడుగులకు మూడోది. 1986 ఆగస్టులో అక్కడ గోదావరి 75.6 అడుగులు వచ్చింది. పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ వరదను చెప్పుకుంటారు. 2022 జూలై 16న 71.3 అడుగులు వచ్చింది. భద్రాచలం వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఇటువాళ్లు ఇటు, అటువాళ్లు అటు ఉండిపోయారు.

అట్లాంటి రోజుల్లో పేపర్లకు ఒక మాట ఇష్టం. "గోదావరి ఉగ్రరూపం" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ బూర్గంపాడులో అక్క ఉన్న మనిషికి దానివల్ల ఏం తెలిసింది? ఉగ్రరూపం 44 అడుగులకూ అంటారు, 60 అడుగులకూ అంటారు. అక్కను బయలుదేరి రమ్మనాలా, ఇంకా ఆగవచ్చా? అది ఉగ్రరూపం చెప్పదు. "భద్రాచలంలో గోదావరి 48 అడుగులు, రెండో హెచ్చరిక" అని ఉంటే చెబుతుంది.

అదీ చాలదు. ఎన్ని గంటలకు 48? నది ఆగి ఉండదు. పొద్దున 6 గంటలకు 48 ఉన్నది సాయంత్రానికి 53 కావచ్చు. తగ్గనూ వచ్చు. అందుకే అంకె పక్కన గంట కూడా రాయాలి. "పొద్దున 6 గంటలకు భద్రాచలంలో గోదావరి 48 అడుగులు." శీర్షిక కొంచెం పొడుగైంది. కానివ్వండి. వరద రోజుల్లో పొడుగు తప్పు కాదు. నిన్నటి అంకెను చెరపకపోవడమే తప్పు. సుద్దముక్కతో పాటు తడిగుడ్డ కూడా గోడ పత్రికకు అవసరమే.

ఊరు పేరు సగమే చదివి మోసపోవడం కొత్తగూడెం వాళ్లకు తెలియనిది కాదు. ఇక్కడి రైల్వే స్టేషన్‌కు భద్రాచలం రోడ్ అని పేరు. రాముడి దర్శనానికి దూరం నుంచి వచ్చిన వాళ్లు అక్కడ దిగి గుడి ఎటు అని అడుగుతారు. గుడి ఇంకా 40 కిలోమీటర్ల దూరం. మళ్లీ బస్సెక్కాలి. బోర్డు అబద్ధం చెప్పలేదు. భద్రాచలం పోయే రోడ్డు అనే చెప్పింది. కానీ ప్రయాణికుల కళ్లు మొదటి మాట దగ్గరే ఆగిపోయాయి. పింఛన్ బంద్ కథా ఇదే.

ఇదంతా విని శీర్షిక అంటే తేదీలు, అంకెలే అనుకోవద్దు. కొన్ని శీర్షికలు మనిషిని కూర్చోబెట్టి చదివిస్తాయి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. అక్కడి ఆడవాళ్లు చదివిన వాచకంలో ఒక పాఠం ఉంది. దూబగుంట అనే ఊళ్లో ఆడవాళ్లు సారా కొట్టు మూయించిన కథ అది. పాఠం పేరు "ఆడవాళ్లు ఏకమైతే".

ఆ పేరు చూడండి. రెండు మాటలు. వాక్యం పూర్తి కాలేదు. ఏకమైతే ఏమవుతుంది? పేజీ తిప్పితే గాని తెలియదు. దానికి "సారా వల్ల నష్టాలు" అని పేరు పెట్టి ఉంటే ఏమయ్యేది? సారా వల్ల నష్టం ఆడవాళ్లకు ఒకరు చెప్పాలా! రోజూ ఇంట్లో పడుతున్నదే. వాళ్లకు తెలియాల్సింది నష్టం కాదు, ఆపే దారి. ఆ దారి గురించే పాఠం పేరు అడుగుతోంది. 1992లో సారా వ్యతిరేక ఉద్యమం నెల్లూరు జిల్లాలో ఎన్నో ఊళ్లకు పాకింది. తర్వాత రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారాను నిషేధించారు. ఇదంతా ఒక పాఠం పేరు వల్లే జరిగిందంటే నవ్వుతారు. చీపుర్లు పట్టుకుని సారా కొట్ల మీదికి పోయింది ఆడవాళ్లు. కానీ ఊరూరా బడుల్లో ఆ పాఠం చదివించుకుంది, మాట్లాడించింది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. ఆ పేరు అడిగిన ప్రశ్నకు కింద జవాబు ఉంది. జవాబు లేకుండా ఊరించే శీర్షికలు ఇప్పుడు సెల్‌ఫోన్ నిండా వస్తున్నాయి. "ఈ ఆకు తింటే షుగర్ మాయం!!!" అంటుంది. నొక్కితే ఆ ఆకు ఏమిటో చివరిదాకా చెప్పదు. "రేషన్ కార్డులు రద్దు! వెంటనే చూడండి!" అంటుంది. చూస్తే అది ఎక్కడో వేరే రాష్ట్రం సంగతి. ఎప్పటిదో పాత సంగతి. ఆకును నమ్మి గోలీలు మానుకుంటే పెద్దమ్మకు అయినట్టే అవుతుంది. శీర్షిక చివర మూడు ఆశ్చర్యార్థకాలు కనబడితే ముందు అనుమానపడాలి. కింద ఏముందో చదవాలి. మనం రాసేటప్పుడు ఒక్కటి కూడా అక్కర్లేదు.

ఆడవాళ్లు పత్రికలు నడపడం వింతేమీ కాదు. చిత్తూరు జిల్లాలో 2000ల మొదట్లో పొదుపు సంఘాల ఆడవాళ్లే విలేకరులుగా "నవోదయం" అనే పత్రిక నడిచింది. ఉత్తరప్రదేశ్‌లో చిత్రకూట్ వైపు 2002లో "ఖబర్ లహరియా" మొదలైంది. వార్తల అలలు అని ఆ పేరుకు అర్థం. అందులో రాసినవాళ్లు పల్లెల ఆడవాళ్లు. కొందరు పెద్దయ్యాక చదువు నేర్చినవాళ్లు. వాళ్లు పుస్తకాల హిందీలో రాయలేదు. తమ ఇళ్లలో మాట్లాడే బుందేలీలో రాశారు. 2009లో ఆ పనికి యునెస్కో అక్షరాస్యత బహుమతి ఇచ్చింది.

మన గోడకూ అదే వర్తిస్తుంది. పుస్తకంలో కుళాయి అని ఉంటుంది. బస్తీలో నల్లా అంటారు. గోడ మీద నల్లా అనే రాయాలి. ఆసుపత్రి కన్నా దవాఖాన తొందరగా అర్థమవుతుంది. "తాగునీటి సరఫరాలో అంతరాయం" అని రాస్తే ఆఫీసు వాళ్లు రాశారనుకుని ఆడవాళ్లు పక్కనుంచి వెళ్లిపోతారు.

ఆఫీసు అంటే గుర్తొచ్చింది అర్జీ. అర్జీకి కూడా శీర్షిక ఉంటుంది. "విషయం" అని రాసి పక్కన ఒక్క వాక్యం రాస్తాం, అదే. సోమవారం కలెక్టరేటులో ప్రజావాణికి ఎన్నో అర్జీలు వస్తాయి. తీసుకునేవాళ్లు ముందు ఆ వాక్యమే చూస్తారు. ఏ శాఖకు పంపాలో దాన్ని బట్టే అనుకుంటారు. "విషయం: న్యాయం చేయుట గురించి" అని రాస్తే ఆ కాగితం ఎటు పోవాలి? "విషయం: రెండో సందులో ఒరిగిన కరెంటు స్తంభం మార్చుట గురించి" అని రాస్తే కరెంటు వాళ్ల దగ్గరికి పోతుంది. కష్టమంతా కింద రాసుకోవచ్చు. పైన మాత్రం స్తంభం ఉండాలి.

ఇప్పుడు మీ వంతు. కింద రెండు కబుర్లు ఉన్నాయి. వాటికి పేర్లు లేవు. మీరే పెట్టండి.

ఒకటి. ఆదివారం బడిలో కంటి డాక్టర్లు వస్తున్నారు. పొద్దున 9 గంటల నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు ఉంటారు. పైసలు తీసుకోరు. ఆధార్ కార్డు తెచ్చుకోవాలి. శుక్లం ఉన్నవాళ్లకు ఆపరేషన్ ఎక్కడ చేస్తారో చెబుతారు.

రెండు. తునికాకు కోతకు తెల్లవారుజామున పోయిన ఆడవాళ్లకు చెరువు అవతల అడవిలో ఎలుగుబంటి కనబడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఫారెస్టు వాళ్లకు చెప్పారు. ఒంటరిగా పోవద్దని, నలుగురు కలిసి మాట్లాడుకుంటూ పోవాలని వాళ్లు చెప్పారు.

రెండో కబురుకు "ఎలుగుబంటి" అని ఒక్క మాటే పెడితే ఏమవుతుంది? నలుగురూ మాట్లాడుకోండి. రేపు తెల్లవారితే ఆకుకు పోయే మనిషికి ఏం తెలియాలో చూడండి. రెండు పేర్లూ గోడ మీద పెద్దగా రాయండి. కింది వార్తను గుడ్డతో కప్పండి. దారిన పోయే ఒకామెను పిలిచి పేర్లు మాత్రమే చదవమనండి. ఏం అర్థమైందో అడగండి.