యాప్‌లో భోజనం తెప్పించుకోని వాళ్ల దగ్గర నేర్చుకున్నవి

బెజవాడలో చాలా ఏళ్లు భోజన హోటలు నడిపాను. ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. కరెంటు బిల్లు ఫోనులో కట్టి, కూరగాయలు యూపీఐతో కొనే పెద్దవాళ్లు కూడా భోజనానికి మాత్రం యాప్ తెరవరు. చేతకాక అనుకుంటారు పిల్లలు. గల్లా దగ్గర కూర్చుని వాళ్ల కారణాలు విన్నవాణ్ని నేను.

1. ముందు ధర. యాప్ హోటలు దగ్గర కమీషన్ తీసుకుంటుంది. నూటికి పాతిక అటు పోతే, హోటలుకు 100 రూపాయలు మిగలాలంటే యాప్‌లో 133 పెట్టాలి. ఆపైన 5 శాతం జీఎస్టీ, ప్యాకింగు, డెలివరీ ఛార్జీ. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ ఛార్జీ మీద 18 శాతం జీఎస్టీ. ప్లాట్‌ఫామ్ ఫీజు 2023లో 2 రూపాయలతో మొదలై, రెండేళ్లు తిరిగేసరికి పది దాటింది. పింఛనుతో ఇల్లు గడిపేవాళ్లు పైసాపైసా లెక్క చూస్తారు. మెనూలో ఒక అంకె చూపించి చివర్లో ఇంకో అంకె అడిగితే నా గల్లా దగ్గర నన్ను నిలదీసేవారు. నిలదీయాలి కూడా. ఛార్జీలు చివరిదాకా దాచడం తప్పుడు పద్ధతని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు మార్గదర్శకాల్లోనే చెప్పింది.

2. వండే చోటు కనపడాలి. మా పాత ఖాతాదార్లు చెయ్యి కడుక్కోవడానికి వెళ్తూ వంటింట్లోకి ఓ చూపు వేసేవారు. నూనె రంగు చూసేవారు. యాప్‌లో ఫొటోయే దిక్కు. ఒకే వంటింట్లో బిర్యానీకో పేరు, టిఫిన్లకో పేరు పెట్టి నడిపే క్లౌడ్ కిచెన్లున్నాయి. వాటిలో శుభ్రంగా వండేవాళ్లూ ఉన్నారు, కానీ కొనేవాళ్లకు ఆ సంగతి తెలియాలి. యాప్‌లో హోటలు పేజీ అడుగున ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరు చూడండి. రెండు పేర్ల కింద ఒకే నంబరుంటే వంట ఒకచోటే.

3. పెసరట్టు ప్రయాణం చెయ్యదు. మూసిన డబ్బాలో ఆవిరికి మెత్తబడిపోతుంది. పులిహోర, బిర్యానీ తట్టుకుంటాయి.

4. తేడా వస్తే పలికే మనిషి కావాలి. సాంబారులో ఉప్పు లేదంటే గిన్నె మార్చి ఇచ్చేవాణ్ని, రెండు మాటల్లో అయిపోయేది. మాకు తెలిసిన ఒకావిడ ద్వాదశి నాడు శాకాహార భోజనం తెప్పిస్తే, ఇంకెవరిదో కోడికూర వచ్చింది. ఫొటో తియ్యమన్నారు, ఛాట్‌లో రాయమన్నారు. డబ్బు తిరిగిచ్చారు గానీ, ఒక్కరూ ఫోన్ చేసి "తప్పయిందమ్మా" అనలేదు. ఆవిడ మళ్లీ తెప్పించుకోలేదు. నాకు ఆవిడ పట్టుదల సబబే అనిపించింది.

5. తెచ్చే కుర్రాడి మీద జాలి. రోహిణి కార్తె ఎండలో మన అన్నం కోసం ఆ పిల్లాణ్ని తిప్పడమేంటి అనే తల్లులున్నారు. ఆర్డరు వస్తేనే అతనికి కూలి అని వాళ్లకు చెబుతుంటాను. తెప్పించుకున్న రోజు చల్లటి మంచినీళ్లు ఇవ్వండి.

యాప్ కంపెనీల వాళ్లకు ఒకటే మనవి: కట్టాల్సిన మొత్తం మొదటే చూపండి, తెలుగులో మాట్లాడే మనిషి నంబరు ఇవ్వండి. పిల్లలూ, అమ్మానాన్నల ఫోనులో యాప్ వేసి ఊరెళ్లిపోయేముందు వీధి చివర మెస్సు వాళ్ల నంబరు కూడా రాసిపెట్టి వెళ్లండి.