క్యాబేజీ బొమ్మను ఎలా చూడాలి?



మన ఇళ్లలో తిరుహృదయ పటం ఉంటుంది, మరియతల్లి పటం ఉంటుంది. వాటి అర్థం పిల్లలకు చిన్ననాటినుండే తెలుసు. అదే గోడమీద ఒక క్యాబేజీ బొమ్మ తగిలిస్తే? "ఇందులో ఏముంది?" అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. దానికి జవాబు వెతకడానికి ఒక ప్రసిద్ధ చిత్రాన్ని తీసుకుందాం.

స్పెయిన్ దేశస్థుడైన హువాన్ సాంచెజ్ కోటాన్ (1560-1627) సుమారు 1602లో దీనిని చిత్రించాడు. అసలు చిత్రం అమెరికాలోని శాన్‌డియాగో కళామందిరంలో ఉంది. అచ్చుప్రతులు ఎన్నో దేశాలలో దొరుకుతాయి. కిటికీవంటి ఒక రాతి గూడు. ఎడమవైపు పైన దారంతో వేలాడే క్విన్స్ అనే పసుపుపచ్చని పండు. దానికి కాస్త దిగువగా, మరొక దారానికి ఒక క్యాబేజీ. గట్టుమీద కోసిన కర్బూజా, దాని ముక్క, చివరగా ఒక దోసకాయ. అంతే! మిగిలినదంతా నల్లని చీకటి.

క్యాబేజీని దారానికి కట్టడమేమిటని నవ్వుకోవద్దు. మన పెద్దలు ఉట్టి కట్టలేదా? గుమ్మడికాయను దూలానికి వేలాడదీయలేదా? త్వరగా పాడవకుండా ఉండేందుకు ఆ దేశంలోనూ అలా వేలాడదీసేవారు.

ఇప్పుడు మెల్లగా చూడండి. పండు నుండి దోసకాయ వరకు చూపు ఒక వంపులో కిందికి దిగుతుంది. దోసకాయ కొస గట్టు దాటి మనవైపుకు పొడుచుకు వచ్చింది. దాని నీడ రాతిమీద పడింది. క్యాబేజీ ఆకుల ఈనెలు, ముడతలు లెక్కపెట్టవచ్చు. బల్ల లేదు, పళ్లెం లేదు, వంట మనిషి లేడు. కనుక మన కన్ను మరెక్కడికీ పారిపోలేదు.

ఇక అర్థం మాట. కోటాన్ 1603లో టొలేడో నగరాన్ని విడిచి కార్తూసియన్ మఠంలో సహోదరుడుగా చేరాడు. ఆ సభవారు మాంసం ముట్టరు, మౌనం పాటిస్తారు. అందుచేత ఈ చిత్రం సన్యాస జీవితానికి గుర్తు అని కొందరు వివరిస్తారు. వినడానికి బాగుంది కాని, తొందరపాటు. ఇది మఠంలో వేసినది కాదు. పైగా 1602లోనే ఆయన వేసిన మరొక చిత్రం, ఇప్పుడు మాడ్రిడ్‌లోని ప్రాడోలో ఉన్నది, చూడండి: కూరగాయల పక్కనే వేటాడి తెచ్చిన కౌజుపిట్టలు వేలాడుతున్నాయి! మఠంలో చేరిన తరువాత ఆయన ఎక్కువగా వేసినవి పునీతుల చిత్రాలు, వేదగాథలు.

అయితే భక్తికీ ఈ క్యాబేజీకీ సంబంధమే లేదా? ఉందనే నా అభిప్రాయం. కాని అది ఆకులో దాచిన రహస్య సంకేతం కాదు. పండుకు ఎంత వెలుగు ఇచ్చాడో, బజారులో చవకగా దొరికే క్యాబేజీకీ అంతే వెలుగు ఇచ్చాడు. తరువాత పునీతులను చిత్రించినదీ ఆ చేయే.

ఇంట్లో ఈ అచ్చుప్రతి గాని, ఇటువంటిదే మరొకటి గాని ఉంటే ఒక చిన్న పని చేయండి. నల్లని భాగాన్ని కాగితంతో కప్పి చూడండి, తరువాత కాగితం తీసి చూడండి. క్యాబేజీ ఎప్పుడు బరువుగా కనిపించిందో పిల్లలనే చెప్పనివ్వండి. వారు చెప్పేవరకు పెద్దలు మాట్లాడవద్దు.