ఒక్క పొర అయస్కాంతం: ఫిజిక్స్ మేజర్ తీసుకున్నవాళ్లకు మంచి దారి

గుంటూరు కారం మిల్లుల్లో అయస్కాంతం కొత్త వస్తువేమీ కాదు. మిరపకాయల్లో కలిసొచ్చిన మేకుముక్క మరలో పడకముందే దాన్ని పట్టేసేది అదే. అయితే ఒక అయస్కాంతాన్ని పొరలు పొరలుగా ఒలిచి, చివరికి నానోమీటరు మందం కూడా లేని ఒక్క పొర మిగిలాక, దాని గుణం నిలుస్తుందా? 1966లో భౌతిక శాస్త్రవేత్తలు మెర్మిన్, వాగ్నర్ లెక్కగట్టి చెప్పిందేమిటంటే, స్పిన్‌లు, అంటే పరమాణువుల్లోని చిట్టి అయస్కాంతాలు, అన్ని దిక్కులకూ ఒకేలా తిరగగలిగే పొరలో ఏ కాస్త వేడి ఉన్నా వాటి వరస చెదిరిపోతుంది. స్ఫటికమే వాటిని పైకో కిందికో నిలబెడితే మాత్రం ఆ నియమం వర్తించదు. 2017లో క్రోమియం ట్రైఅయోడైడ్ ఒక్క పొర మైనస్ 228 డిగ్రీల దాకా అయస్కాంతంగా నిలిచి ఇది నిజమని చూపింది. 2022లో ఇనుము, గాలియం, టెల్లూరియం కలిసిన పొరల పదార్థం ఒకటి గది వేడిలోనూ నిలిచింది. కరెంటు పోయినా సమాచారం పోని మెమరీ చిప్‌ల మీద ఆశలు పెరగడానికి కారణం ఇదే.

ఈ విద్యలో మనవాళ్ల అడుగు ముందే పడింది. అప్పటి కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన సూరి భగవంతం స్ఫటికాల సౌష్ఠవం మీద, అయస్కాంత గుణాల మీద పనిచేశారు. వాటి మీద ఆయన రాసిన పుస్తకం కూడా 1966లోనే వచ్చింది.

ల్యాబ్‌లో పని ఎలా ఉంటుందో తెలుసుకుని రండి. స్ఫటికానికి మామూలు టేపు అంటించి, లాగి, మళ్లీ మళ్లీ మడిచి ఒలుస్తారు. ఆ టేపును ఆక్సైడ్ పూత ఉన్న సిలికాన్ పలకకు నొక్కి, మైక్రోస్కోపు కింద గంటల తరబడి వెతుకుతారు. మిగతావాటికంటే లేత రంగులో కనిపించే ముక్కే పలచటి పొర. క్రోమియం ట్రైఅయోడైడ్‌కు గాలిలో తేమ తగిలితే పాడైపోతుంది కాబట్టి, ఇదంతా ఆర్గాన్ నింపిన గ్లవ్‌బాక్స్‌లో మందపాటి చేతితొడుగులతో చేయాలి. నా దృష్టిలో ఇక్కడ మార్కులకంటే ఓపిక గొప్పది.

ఇక చదువు సంగతి. 2023-24లో మన రాష్ట్రంలో డిగ్రీ ఒకే మేజర్ పద్ధతికి మారింది. ఎంఎస్సీ సీటిచ్చే సంస్థలు డిగ్రీలో ఏం చదివారో చూస్తాయి కాబట్టి ఫిజిక్స్ మేజర్, మ్యాథ్స్ మైనర్ తీసుకోండి. చిలకలూరిపేటలో చదివినా పర్చూరులో చదివినా ఎంఎస్సీకి రాయాల్సిన పరీక్షలు అవే: ఐఐటీలకు జామ్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ. పీహెచ్‌డీకి నెట్, గేట్, జెస్ట్ ఉన్నాయి. ఇలాంటి పలచటి పొరల (టూడీ) పదార్థాల మీద పనిచేసేవాళ్లు హైదరాబాద్‌లోని టాటా పరిశోధన సంస్థ (టీఐఎఫ్ఆర్) కేంద్రంలోనూ ఉన్నారు.

డబ్బు సంగతి దాచకూడదు. పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, అద్దె భత్యం వేరు. డిగ్రీ తర్వాత ఎంఎస్సీకి రెండేళ్లు, పీహెచ్‌డీకి ఐదేళ్లు చూసుకోవాలి. కౌలు అప్పు మీదున్న ఇంట్లో పెద్దకొడుకో, పెద్దకూతురో అంతకాలం ఆగలేకపోతే తప్పు పట్టను. అలాంటివాళ్లు ఎంఎస్సీ ప్రాజెక్టులోనే వాక్యూమ్ పంపులు, పలచటి పూతలు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు మీద చేయి తిరిగేలా సాధన చేయాలి. చిప్ తయారీలోనూ కావలసింది ఈ పనితనమే. గుజరాత్‌లో ధోలేరా, సాణంద్‌లలో ఆ పరిశ్రమ మొదలైంది.

డిగ్రీ రెండో ఏడాదిలో సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కు తప్పక దరఖాస్తు చేయండి. ల్యాబ్‌లో గడిపే ఆ రెండు నెలల్లో ఈ పని మీకు నచ్చుతుందో లేదో మీకే తెలుస్తుంది.