నాకౌట్ అయిన బాక్సర్ మళ్లీ ఎప్పుడు రింగులోకి వెళ్లవచ్చు?



ఈ నెల పాఠం తలకు తగిలే దెబ్బల గురించి. దీనికి బాక్సింగ్ ఆటను ఉదాహరణగా తీసుకుంటున్నాము. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో, మళ్లీ 2023లో ప్రపంచ ఛాంపియన్ అయిన తర్వాత ఈ ఆట మన పిల్లలకు కొత్తది కాదు. అపొస్తలుడైన పౌలు కూడా కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయంలో దీనిని పోలికగా వాడుకున్నాడు. ఆట మంచిదా, చెడ్డదా అనే వాదనలోకి మేము వెళ్లము. మంచి భవిష్యత్తు ఉన్న కుర్రవాడు ఒక్క దెబ్బకు పడిపోతే అతని ఆట అంతటితో అయిపోయినట్టేనా? తల్లిదండ్రులు, కోచ్‌లు మొదట అడిగేది ఇదే.

ఇంగ్లండులోని బోల్టన్‌కు చెందిన అమీర్ ఖాన్ సంగతి చూద్దాం. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో 17 ఏళ్లకే వెండి పతకం తెచ్చాడు. ప్రొఫెషనల్‌గా మారి వరుసగా 18 పోటీలు గెలిచాడు. 2008 సెప్టెంబరు 6న మాంచెస్టర్‌లో, సొంత ప్రేక్షకుల ముందు, కొలంబియాకు చెందిన బ్రెయిడిస్ ప్రెస్కాట్ అతనిని 54 సెకన్లలో పడగొట్టాడు. అప్పటికి అతనికి 21 ఏళ్లు. గడ్డం మీద దెబ్బకు తట్టుకోలేడు, ఇక పైకి రాలేడు అన్నవారు చాలామంది.

అతను మళ్లీ రింగులోకి దిగింది సరిగ్గా మూడు నెలలకు. ఈలోగా అమెరికా వెళ్లి ఫ్రెడీ రోచ్ అనే శిక్షకుని దగ్గర చేరాడు. 2009 జులైలో ఆండ్రీ కొటెల్నిక్‌ను ఓడించి ప్రపంచ టైటిల్ అందుకున్నాడు. కాబట్టి ఒక్క నాకౌట్‌తో ఆట ముగిసిపోదు.

అయితే ఆ రోచ్ గారి కథ కూడా తెలియాలి. ఆయన కూడా ఒకప్పుడు బాక్సరే. ఇక చాలించమని తన గురువు ఎడ్డీ ఫచ్ చెప్పినా వినక మరికొంతకాలం ఆడి, 1986లో మానేశారు. తర్వాత ఆయనకు పార్కిన్సన్స్ జబ్బు వచ్చింది. రింగులో తిన్న దెబ్బలకూ దానికీ సంబంధం ఉందని భావిస్తారు. ఖాన్‌కు తల కాపాడుకోవటం నేర్పింది ఇలాంటి మనిషి!

ఇంతకీ దెబ్బ తగిలినప్పుడు లోపల ఏం జరుగుతుంది? మెదడు పుర్రె లోపల నీటిలో తేలుతున్నట్లు ఉంటుంది. గడ్డం పక్కన గుద్దు తగిలితే తల ఒక్కసారిగా గిర్రున తిరుగుతుంది. మెదడు కూడా మెలిపడినట్లై, లోపలి సన్నని నరాల పోగులు సాగిపోతాయి. మెదడు కణాలలో లవణాల సమతుల్యం చెడుతుంది. దానిని సరిచేసుకోవటానికి ఎక్కువ శక్తి కావాలి. సరిగ్గా అప్పుడే రక్తప్రసరణ తగ్గుతుంది. ఈ లోటు తీరటానికి రోజులు, కొందరికి వారాలు పడుతుంది. మనిషి ఐదు నిమిషాలలో లేచి నవ్వుతూ మాట్లాడుతున్నా లోపలి పని ఇంకా పూర్తి కాలేదన్నమాట.

చాలామంది పొరబడేది స్కాన్ దగ్గర. "సి.టి. నార్మల్ అన్నారు సిస్టర్, ఇక పంపించేయండి" అంటారు. సి.టి. స్కాన్‌లో రక్తం గడ్డకట్టటం, ఎముక విరగటం కనబడతాయి. పైన చెప్పిన నరాల పోగుల దెబ్బ సాధారణంగా కనబడదు. అందుకే మేము స్కాన్ చూసి ఊరుకోక, తలనొప్పి ఉందా, వెలుతురు చూడగలుగుతున్నాడా, నిద్ర ఎలా ఉంది, చెప్పిన మాట గుర్తుంటోందా, ఊరకే విసుక్కుంటున్నాడా అని అడుగుతాము. ఆటగాళ్లు వీటిని దాచిపెడతారు. తల్లిని అడిగితే నిజం తెలుస్తుంది.

మొదటి దెబ్బ మానకముందే రెండవది తగిలితే, అది చిన్నదైనా, మెదడు ఉన్నట్టుండి వాచి ప్రాణం పోవచ్చు. అరుదే గాని, చిన్న వయస్సు వారిలోనే ఎక్కువగా చూస్తారు. ఈ భయంతోనే అమెచ్యూర్ బాక్సింగ్‌లో, నాకౌట్ అయినవాడు కనీసం నాలుగు వారాలు పోటీకి గాని సాధనలో గుద్దులాటకు గాని దిగకూడదని చాలాకాలంగా నియమం పెట్టారు. మూడు నెలలలో రెండుసార్లు పడితే మూడు నెలలు, ఏడాదిలో మూడుసార్లు పడితే ఏడాది ఆగాలి. ఇవి కనీస గడువులు మాత్రమే. తలనొప్పి తగ్గకపోతే గడువు తీరినా ఆడకూడదు.

హెల్మెట్ పెడితే చాలు గదా అంటారు. బాక్సింగ్ హెల్మెట్ కనుబొమ్మ చిట్లకుండా కాపాడుతుంది, మెదడు కుదుపును ఆపలేదు. (మోటారు సైకిల్ హెల్మెట్ వేరు, దానిని మానవద్దు.)

ఇంటి దగ్గర జాగ్రత్తల విషయానికి వస్తే, మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి, సెల్‌ఫోను, టి.వి. తక్కువ. చీకటి గదిలో వారాల తరబడి పడుకోబెట్టనవసరం లేదు. తర్వాత నడక, ఆపైన పరుగు, ఆపైన సంచిని గుద్దే సాధన. ఒక్కొక్క మెట్టుకు కనీసం ఒక రోజు ఇవ్వాలి. బాధ తిరగబెడితే వెనుకటి మెట్టుకు దిగాలి. ఎదుటి మనిషితో గుద్దులాట అన్నిటికంటె చివర, అదీ డాక్టరు గారు పరీక్షించి ఒప్పుకున్న తర్వాతే. చదువుకునే పిల్లవాడైతే ముందు బడి, తర్వాత ఆట. నొప్పికి పారాసిటమాల్ వాడవచ్చు. ఆస్పిరిన్, నిద్రమాత్రలు, మద్యం వద్దు. స్పృహ సరిగా లేనివానికి సోడా, కాఫీ పోయకండి, ఊపిరితిత్తులలోకి పోతుంది. నిద్ర పోనివ్వకూడదు అనే మాట పాతది. పరీక్ష అయిన తర్వాత నిద్ర పోవచ్చు గాని, మొదటి రాత్రి తోడు ఉండి కనిపెట్టి చూడాలి.

తలనొప్పి పెరుగుతున్నా, మాటిమాటికీ వాంతులైనా, లేపితే లేవకపోయినా, మాట తడబడినా, మూర్ఛ వచ్చినా, ఒక కంటిపాప పెద్దదైనా, చెయ్యి కాలు బలహీనపడినా, ముక్కు నుండి చెవి నుండి నీరు గాని రక్తం గాని కారినా తెల్లవారేదాకా ఆగవద్దు. వెంటనే క్యాజువాలిటీకి తీసుకురండి.

ఇక అమీర్ ఖాన్ తర్వాతి సంగతి. 2012లో డానీ గార్సియా చేతిలో నాలుగవ రౌండులో ఆట ఆగిపోయింది. 2016లో కానెలో అల్వారెజ్ ఆరవ రౌండులో నాకౌట్ చేశాడు. 2022 ఫిబ్రవరిలో కెల్ బ్రూక్‌తో పోటీని కూడా ఆరవ రౌండులో రిఫరీ ఆపేశాడు. అదే సంవత్సరం మే నెలలో, 35 ఏళ్ల వయస్సులో, విరమిస్తున్నట్లు ప్రకటించాడు. మొదటి నాకౌట్ తర్వాత 13 ఏళ్లకు పైగా ఆడాడు. అది గెలుపే. కాని ఒక్కొక్క దెబ్బ మెదడు లెక్కలో చేరుతూనే ఉంటుంది. ఆ లెక్క ఎంతైందో వయస్సు మళ్లిన తర్వాత గాని తెలియకపోవచ్చు. అందుచేత మా దగ్గరకు వచ్చే ఆటగాళ్లను, అది కబడ్డీ అయినా సరే, ఇంతకుముందు ఎన్నిసార్లు తలకు దెబ్బ తగిలిందో తప్పక అడుగుతాము. పాత ఓ.పి. చీటీలు, స్కాన్ ఫిల్ములు పారవేయకుండా దాచి, వచ్చేటప్పుడు వెంట తీసుకురండి.