"పాత బండిని ఎవడెత్తుకపోతాడు?"

శామీర్‌పేట

అల్లుడూ,

నువ్వు బండి కొన్నావని అక్క చెప్పింది. టాటా 1613, 2009 మోడల్, ఏపీ 28 నంబరు, ఇంజను పని కొత్తగా చేయించారట. ధర కూడా చెప్పింది. ఫర్వాలేదు, మోసపోలేదు. మొన్న ఫోన్లో రాత్రిళ్లు ఎక్కడ పెడుతున్నావని అడిగితే, "ఇంత పాత బండిని ఎవడెత్తుకపోతాడు మామా" అని నవ్వావు. ఆ మాటకు జవాబు ఫోన్లో చెబితే సగమే వింటావు, అందుకే రాస్తున్నా.

దొంగకు పాత బండే సులువు. కొత్త వాటికి చాబీలో చిప్పు ఉంటుంది, కంపెనీ వాళ్లే పెట్టిన జీపీఎస్ ఉంటుంది, వాయిదాలు తీరేదాకా ఫైనాన్స్ వాళ్ల కన్ను ఉంటుంది. నీ బండికి ఈ మూడూ లేవు. పైగా వాడు దాన్ని నడిపి బతకబోడు. టైర్లు, డిస్కులు, గేర్‌బాక్సు, డీజిల్ పంపు, కమాన్లు వేటికవి అమ్ముతాడు. మిగిలింది గ్యాస్ కట్టర్‌తో కోసి తుక్కులో కిలోల లెక్కన వేస్తాడు.

2019 ఏప్రిల్లో గౌలిగూడ బస్టాండులో జరిగింది యాదికుందా? కుషాయిగూడ డిపో సిటీ బస్సును డ్రైవరు రాత్రి అక్కడ పెట్టాడు, తెల్లారి చూస్తే లేదు. నగరం నడిబొడ్డు, ఆర్టీసీ బస్సు, ఒంటి నిండా రంగు, పేరు, నంబరు. అలాంటిది తూప్రాన్ టోల్ దగ్గర కెమెరాకు చిక్కిందని అప్పుడు పేపర్లు రాశాయి. అంటే మన మేడ్చల్ మీదుగానే పోయిందన్నమాట. పోలీసులు నాందేడ్ జిల్లాలో పట్టుకునేసరికి బస్సును ముక్కలు చేసేశారు. ఆర్టీసీ బస్సును ఎవడు కొంటాడంటావా? ఎవడూ కొనడు. అందుకే కోశారు.

మనం ఉన్న చోటు కూడా వాడికి కలిసొచ్చేదే. మేడ్చల్ నుంచి 44వ నంబరు జాతీయ రహదారి నాగ్‌పూర్ దిక్కు పోతుంది, శామీర్‌పేట నుంచి రాజీవ్ రహదారి కరీంనగర్ దిక్కు. కండ్లకోయ దగ్గర ఒకటి, శామీర్‌పేట దగ్గర ఒకటి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కే దారులు. దేవరయాంజాల్ గోడౌన్ల ముందు, లాల్‌గడి మలక్‌పేట కంపెనీల బయట రాత్రంతా లారీలు వస్తుంటాయి, పోతుంటాయి. అర్ధరాత్రి అందులో ఒకటి కదిలితే ఎవరు తలెత్తి చూస్తారు? ఊర్లో ట్రాక్టరు కదిలినా కుక్కలు మొరుగుతాయి. గోడౌన్ల దగ్గర కుక్కలకు కూడా లారీలు అలవాటే.

మొదట చాబీ సంగతి. పాత ఓనరు దగ్గర ఎంతమంది డ్రైవర్లు మారారో నీకు తెలియదు. ఎవరి జేబులో డూప్లికేట్ ఉందో ఆయనకూ తెలియదు. దానికి తోడు పదిహేనేళ్లు దాటిన తాళం అరిగి, దగ్గరగా ఉన్న చాబీ ఏది పెట్టినా తిరుగుతుంది. ఇగ్నిషన్ తాళం, రెండు డోర్ల తాళాలు ఈ వారంలోనే మార్పించు. అయినా పాత రెండు చాబీలూ అడిగి తెచ్చుకో.

తాళం మార్చావని నిశ్చింతగా పడుకోకు. నీ బండి పాత పద్ధతి డీజిల్ ఇంజను. స్టార్టు కావడానికే దానికి కరెంటు కావాలి, నడవడానికి అక్కరలేదు. స్టార్టర్ దగ్గర రెండు కొనలు కలిపితే చాబీ లేకున్నా లేస్తుంది. బ్యాటరీకి కట్ ఆఫ్ స్విచ్చి పెట్టించు, మంచిదే, కానీ ముదురు దొంగ బ్యాటరీ తనతోనే తెచ్చుకుంటాడు. అందుకే నేను నమ్మేది డీజిల్ పైపుకు పెట్టే కాక్‌ను. ట్యాంకుకూ పంపుకూ మధ్య, చేత్తో తడిమితే నీకు తప్ప ఇంకెవరికీ దొరకని చోట, ఇత్తడి కాక్ బిగించాలి. రాత్రి ఇంజను ఆపాక మూసేస్తావు, పొద్దున తెరిచి స్టార్టు చేస్తావు. దొంగ ఎక్కితే పైపులో, ఫిల్టర్లో మిగిలిన డీజిల్‌తో కొంత దూరం పోతాడు, తర్వాత ఇంజను ఆగిపోతుంది. ఎందుకాగిందో వెతకాలి, దొరికినా ఎయిర్ తీయాలి. నడిరోడ్డు మీద అంతసేపు ఉండే దొంగ లేడు. అయితే కాక్ నాసిరకంది పెడితే అదే ఎయిర్ లాగి రోజూ నిన్ను సతాయిస్తుంది. ఇక్కడ వంద రూపాయలు మిగిల్చుకోకు.

ఇంకోటి, పైసా ఖర్చు లేనిది. నీది ఎయిర్ బ్రేకుల బండి. రాత్రి పెట్టాక ఎయిర్ ట్యాంకులు ఖాళీ చెయ్యి. లోపలి తేమ పోవడానికి ఎట్లాగూ చేయాల్సిన పనే. ప్రెషర్ మళ్లీ ఎక్కేదాకా ఇంజను నిలబడి మోగుతూనే ఉండాలి, ఆ మోత నీకు పనికొస్తుంది. హ్యాండ్‌బ్రేక్ మీద మాత్రం భారం వేయకు, చక్రాల కింద చెక్కలు పెట్టు.

జీపీఎస్ వద్దనను. కానీ అది బండి ఎక్కడుందో చెబుతుంది, ఆపదు. బ్యాటరీ వైరు కోసినా పనిచేసేటట్టు దానికి సొంత బ్యాటరీ ఉండాలి, బండి మీద పనిచేసే కుర్రాళ్లకు కూడా చెప్పకుండా దాచాలి, సిమ్ రీచార్జి మరవొద్దు. ఫాస్టాగ్ మెసేజులు మాత్రం నీ ఫోనుకే రావాలి. బండి పాత ఓనరు పేరు మీద ఉంటే ఆ మెసేజులు ఇప్పటికీ ఆయనకే పోతుండొచ్చు. ఆ ట్యాగు మూయించి నీ నంబరుతో కొత్తది తీసుకో. అర్ధరాత్రి టోల్ పైసలు కట్ అయ్యాయని మెసేజ్ వస్తే అదే నీకు మొదటి కబురు.

బండి మొత్తం పోవడం కంటే స్టెప్నీ, బ్యాటరీలు, డీజిల్ పోవడమే ఎక్కువ. స్టెప్నీకి గొలుసు, బ్యాటరీ పెట్టెకు పట్టీ, డీజిల్ మూతకు తాళం, ఈ మూడూ ఒక్క పూటలో అయిపోయే పనులు. చీకట్లో, సర్వీసు రోడ్డు మీద పెట్టొద్దు. పెట్రోలు బంకులో పెట్టు, అక్కడే డీజిల్ పోయిస్తే కాదనరు. లేదంటే నెలకింత అని వాచ్‌మన్ ఉన్న యార్డులో పెట్టు. ఆ కిరాయి దండగ అని అక్క అంటుంది, వినకు. డాబా దగ్గర ముఖపరిచయం లేనివాడు ఇచ్చిన టీ తాగొద్దని మీ డ్రైవరుకు గట్టిగా చెప్పు.

ఇక కాగితాలు. నువ్వు అసలు నిర్లక్ష్యం చేసేది ఇక్కడే. బండి చేతులు మారాక పద్నాలుగు రోజుల్లో అమ్మినవాడు ఆర్టీఏకు చెప్పాలి, ముప్పై రోజుల్లో నువ్వు నీ పేరుకు మార్పించుకోవాలి. ఇన్సూరెన్సు వాళ్లకు కూడా పద్నాలుగు రోజుల్లో రాయాలి. పాలసీ పాతాయన పేరు మీద ఉండగా బండి పోతే నీకెవరు ఇస్తారు? థర్డ్ పార్టీ పాలసీలో దొంగతనానికి పైసా రాదు. ఇంత పాత బండికి ఫుల్ పాలసీ ఇవ్వడానికి కొందరు వెనకాడతారు, నాలుగు చోట్ల అడుగు. అయిదేళ్లు దాటిన బండి విలువ నువ్వూ కంపెనీ మాట్లాడుకుని రాసుకునేదే. ప్రీమియం తగ్గుతుందని తక్కువ రాయించుకోకు. ఛాసిస్ నంబరుకు పెన్సిల్ ప్రింటు తీసి, ఇంజను నంబరు, టైర్ల నంబర్లు రాసి ఇంట్లో పెట్టు. క్యాబిన్లో ఉంచావంటే బండితోపాటే పోతాయి.

ఇంజను ఆన్‌లో ఉంచి, చాబీ వదిలి టీకి దిగే అలవాటు మీ ఈడు వాళ్లందరికీ ఉంది. చాబీ అట్లా వదిలేసి దారి అడగడానికి దిగిన డ్రైవరు లారీ పోగొట్టుకున్న కేసులో 2023లో సుప్రీంకోర్టు ఓనరుకు 75 శాతమే ఇప్పించింది. నాలుగో వంతు పోయింది, అదీ ఢిల్లీ దాకా పోతే.

ఒకవేళ పోయిందే అనుకో. స్నేహితులతో బైకుల మీద వెతకడానికి పోకు. ముందు 100కు గానీ 112కు గానీ ఫోను చేసి, వెంటనే స్టేషనుకు పో. మా హద్దు కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ రాయమను, రాయాల్సిందే. కొత్త న్యాయ సంహితలో సరుకు మోసే బండి దొంగతనానికి 305వ సెక్షన్ ఉంది, ఏడేళ్ల దాకా శిక్ష. ఫిర్యాదులో లారీ అని, కిరాయికి తిప్పే బండి అని స్పష్టంగా రాయి. అదే రోజు ఇన్సూరెన్సు వాళ్లకూ, ఆర్టీఏకూ చెప్పు. ఒక ట్రాక్టరు కేసులో పోలీసులకు అదే రోజు చెప్పి, కంపెనీకి 52 రోజులు ఆలస్యంగా చెప్పినా క్లెయిము కొట్టేయడం తప్పని 2020లో సుప్రీంకోర్టు అంది. దాని భరోసా మీద ఆలస్యం చేయకు. నీకు కోర్టులు తిరిగే ఓపిక లేదు, నాకు తెలుసు.

ఆదివారం బండి తీసుకుని ఇటు రా. కాక్ బిగించే మేస్త్రీ తుర్కపల్లిలో ఉన్నాడు, మాట్లాడి పెడతా. ట్యాంకు పైపు విప్పాలి గనుక డీజిల్ తక్కువ ఉంచుకుని రా.

మీ మామ