మంచునేలపై పులి

ధ్రువప్రాంతంలో పులి ఉంటే ఇట్లుంటుందని ఒక విద్యార్థి తెల్లని పులి బొమ్మ గీసి మాకు చూపించాడు. ఊహ బాగుంది, కాని తెల్లని బొచ్చు ఒక్కటే చాలునా? శీతల దేశపు మృగానికి దేహం పెద్దదిగా, చెవులు చిన్నవిగా ఉంటే ఒంటి వేడి త్వరగా పోదు. తోక కూడా పొట్టిదైతే మేలే. (మంచుచిరుత తోక మాత్రం పొడవు, నిద్రలో దానినే ముఖానికి కప్పుకుంటుంది.)

అసలు చిక్కు ఆహారంతోనే. ధ్రువపు ఎలుగుబంటి సీల్ ఊపిరికై పైకి వచ్చే మంచురంధ్రం వద్ద గంటల తరబడి కాచుకొని ఉంటుంది. పొంచి ఉండడం పులికీ తెలిసిన విద్యే. అయితే సముద్రపు మంచు కరిగిపోతే వేటకు చోటేది?

ఈ ఊహ పూర్తిగా కల్ల కాదు. సైబీరియాలోని యాకూటియాలో 2018లో, గడ్డకట్టిన నేలలో పులికి దాయాది అయిన గుహాసింహపు కూన దొరికింది. సుమారు 28,000 ఏండ్ల నాటిదైనా మీసాలు సైతం చెడలేదు. బొచ్చు తెలుపు కాదు, గోధుమవన్నె. ఆనాడక్కడ విశాలమైన గడ్డిమైదానాలు, వాటిలో బైసన్, రెయిన్‌డీర్ మందలు ఉండేవి. చలి ఆ సింహాలకు అడ్డు కాలేదు.

బొమ్మలో పులి ప్రక్కన ఒక మందను కూడా గీయమని ఆ విద్యార్థికి చెప్పాము.